జనానాలోకి వచ్చిన మ్యాచ్



మా ఖాలా కొడుకు ఒకడు మలేషియాలో పని చేస్తున్నాడు. మొన్న ఫోన్లో కబుర్ల మధ్య, "భాయీజాన్, ఇక్కడ మేం బైకు రేసులు కొరియావాళ్ళ చానెల్లో చూస్తాం" అన్నాడు. నాకు తాజ్జుబ్ అనిపించింది. కొరియా అంటే మనకి ఫోన్లు, ఏసీలు, కార్లు. ఇప్పుడు మా ఆడపిల్లలు చూసే సీరియల్స్. ఆటల చానెల్ కూడా అక్కడ్నించి బయల్దేరిందా!

బయల్దేరింది. దాని పేరు స్పోటీవీ. సొంత ముల్క్‌లో డబ్బు కట్టి చూసే చానెల్. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ హక్కులు కొన్నేళ్ళు దాని చేతిలో ఉన్నాయి. వాళ్ళ సన్ హ్యుంగ్ మిన్ లండన్లో టాటెన్‌హామ్ జట్టుకి ఆడుతున్న రోజుల్లో, సియోల్లో జనం అర్ధరాత్రి లేచి చూసింది దీనివల్లే. 2022లో ఇల్లు దాటి మలేషియా, సింగపూర్ వైపు వచ్చింది. మోటోజీపీ బైకు రేసులు, వింబుల్డన్ టెన్నిస్ ఆ దేశాలవాళ్ళకి చూపించడం మొదలుపెట్టింది. ఇంటిదగ్గర మాత్రం 2025లో ప్రీమియర్ లీగ్ హక్కులు కూపాంగ్ ప్లే అనే యాప్‌కి వెళ్ళిపోయాయి. అంటే టీవీ నుంచి ఫోన్‌కి. ఈ ఆఖరి ముక్క గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పనుంది.

ఒక ముల్క్ చానెల్ ఇంకో ముల్క్ ఇళ్ళల్లో దూరడం మనకి కొత్తేం కాదు. మన ముక్తేశ్వరంలో మనం డబ్బు కట్టి చూసిన ఆటల చానెళ్ళ పుట్టుక వెతికితే పేరున్నవి కొన్ని ఇక్కడివి కావు. స్టార్ స్పోర్ట్స్ 1991లో హాంకాంగ్ స్టార్ టీవీలో ప్రైమ్ స్పోర్ట్స్ పేరుతో పుట్టింది. తర్వాత అమెరికా ఈఎస్పీఎన్‌తో షాదీ అయ్యి సింగపూర్లో కాపురం పెట్టింది. టెన్ స్పోర్ట్స్ దుబాయ్‌ది. మన కోనసీమ మనుషులు రోజీ రోటీ కోసం గోదావరి దాటి, సముద్రం దాటి గల్ఫ్‌కి పోతుంటే, అదే గల్ఫ్ నుంచి ఆటలు మన కొబ్బరి చెట్ల మీదుగా వచ్చి మన డాబాల మీద గొడుగుల్లో పడ్డాయి.

ఈ చానెళ్ళ లెక్కలు వ్యాపారం పేజీల్లో కోట్లలో రాస్తారు. నేను రాయాలనుకున్నది వేరే లెక్క. ఆట వీధిలోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి జేబులోకి వచ్చింది కదా. ఈ సఫర్లో మన ఇళ్ళల్లో ఎవరికి కుర్చీ దొరికింది, ఎవరి కుర్చీ పోతోంది అన్నది.

ముందు వీధి సంగతి.

తొంభైల్లో మా రేవు వైపు టీ కొట్లో ఒక టీవీ ఉండేది. కోటిపల్లి నుంచి పంటు దిగినవాళ్ళు, అటు పోవడానికి పంటు కోసం కూర్చున్నవాళ్ళు, కొబ్బరికాయల లోడు వేసి అలసిపోయిన కూలీలు, బడి ఎగ్గొట్టిన మాలాంటి పిల్లకాయలు, అందరం అక్కడే. షార్జాలో మ్యాచ్ అంటే రోడ్డు మీద నడవడానికి జాగా ఉండేది కాదు. షార్జా స్టేడియం కట్టించింది అబ్దుర్రహ్మాన్ బుఖాతిర్ అనే అరబ్బు వ్యాపారి. 1984లో అక్కడ మొదటి ఆసియా కప్ జరిగింది. ఎడారిలో క్రికెట్ ఎవరు చూస్తారని అనుకుంటారు కదా, చూసింది మనవాళ్ళే. హిందూస్తాన్, పాకిస్తాన్, లంక నుంచి పొట్ట చేత పట్టుకుని పోయిన కూలీలు, డ్రైవర్లు, గుమాస్తాలు. పెద్ద మ్యాచ్‌లు చాలావరకు శుక్రవారం పెట్టేవాళ్ళు, అక్కడ అది సెలవు కాబట్టి. 1986 ఏప్రిల్ 18న చేతన్ శర్మ ఆఖరి బంతికి జావేద్ మియాందాద్ సిక్సర్ కొట్టింది శుక్రవారమే. 1998 ఏప్రిల్ 24న, తన పుట్టినరోజున, సచిన్ ఆస్ట్రేలియా మీద సెంచరీ కొట్టి కప్ తెచ్చిందీ శుక్రవారమే. ఇక్కడ జుమా నమాజ్ చదివి, టోపీ మడిచి జేబులో పెట్టుకుని పరుగెత్తేవాళ్ళం.

టోపీ ఎందుకు మడిచేవాళ్ళమో మీలో చాలామందికి తెలుసు. అది చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు.

ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ అంటే ఆ కొట్లో రెండు మ్యాచ్‌లు నడిచేవి. ఒకటి టీవీలో. రెండోది మా మొహాల మీద. పాకిస్తాన్ వికెట్ పడితే కొందరి నజర్ తెర మీద ఉండేది కాదు, మా వైపు తిరిగేది. మేం గట్టిగా అరిస్తే "నాటకం చూడరా" అన్నట్టు ఒక నవ్వు. నెమ్మదిగా ఉంటే "చూశావా, బాధ" అన్నట్టు ఇంకో నవ్వు. అందరూ అలా అని కాదు. మా చేతికి టీ గ్లాసు ఇచ్చి "మన అజ్జూ భాయ్ ఉన్నాడుగా, ఏం కాదు" అని భుజం మీద చెయ్యి వేసినవాళ్ళే ఎక్కువ. అజారుద్దీన్ కప్తాన్. హైదరాబాదీ. మణికట్టు తిప్పి బంతిని మిడ్ వికెట్ వైపు పంపిస్తే కొట్టంతా "ఆహా" అనేది. కానీ వందమంది ప్యార్ మధ్య ఇద్దరి షక్ ఉంటే, పదేళ్ళ పిల్లాడికి ఆ ఇద్దరి కళ్ళే గుర్తుంటాయి. మా అబ్బా ఆ మ్యాచ్‌లకి కొట్టుకి పోయేవారు కాదు. "స్కోరు రేపు పేపర్లో వస్తుంది బేటా" అనేవారు.

ఇంకో సంగతి. ఆ కొట్లో ఆడమనిషి ఒక్కరూ ఉండేవారు కాదు. మా వాళ్ళే కాదు, ఏ కులం ఆడవాళ్ళూ లేరు. ఊరంతా చూసింది అంటాం గానీ, ఊరిలో సగమే చూసేది.

ఇప్పుడు ఆట ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్తాను. దాని వెనక ఒక అదాలత్ ఫైసలా ఉంది.

1993లో హీరో కప్ జరిగింది. అజార్ కప్తాన్‌గా గెలిచిన కప్పే. ఫైనల్లో కుంబ్లే 12 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. ఆ మ్యాచ్‌ల ప్రసారం హక్కుల్ని బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ కంపెనీకి అమ్మింది. దూరదర్శన్ కాదంది. తక్రార్ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1995 ఫిబ్రవరి 9న ఫైసలా వచ్చింది. గాలిలో తరంగాలు సర్కారు సొత్తు కాదు, జనం సొత్తు, వాటిని నడపడానికి సర్కారు చేతిలో లేని ఒక స్వతంత్ర సంస్థ ఉండాలి అన్నారు. ఆ బెంచీలో ఉన్న ముగ్గురు జడ్జీల్లో ఒకరు మన తెలుగాయన, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. తరంగాలు జనానివి అని కోర్టు అంటే, ఆ తలుపులోంచి ముందు దూరింది డబ్బున్న కంపెనీలు. దునియా దస్తూర్ అదే. అయినా ఆ తలుపు తెరుచుకోవడం మన ఇళ్ళకీ పనికొచ్చిందన్నదీ నిజమే.

2002లో టెన్ స్పోర్ట్స్ మొదలైంది. షార్జా బుఖాతిర్‌దే. ఆ ఏడాదే కొరియా, జపాన్ కలిసి ఫుట్‌బాల్ ప్రపంచకప్ పెట్టాయి. మనకి చూపించింది ఆ దుబాయ్ చానెలే. ఎర్ర చొక్కాల కొరియా ఇటలీని ఓడించి, స్పెయిన్‌ని ఓడించి సెమీఫైనల్ దాకా పోతుంటే మన కేబుల్లో చూశాం. అప్పటికి మా ఇంటికీ తీగ వచ్చింది. వరండాలోంచి కిటికీ సందులోంచి లోపలి గదిలోకి లాగాడు కేబుల్ కుర్రాడు. టీవీ పెట్టింది జనానా గదిలో. అమ్మీ పోపు వేస్తూ చూడ్డానికి వీలుగా.

2004లో మన జట్టు పాకిస్తాన్ పోయింది. హక్కులు మళ్ళీ టెన్ స్పోర్ట్స్‌వే. డబ్బు కట్టనివాళ్ళ సంగతేమిటని మళ్ళీ అదాలత్. టెన్ ముద్ర, టెన్ ప్రకటనలతో సహా దూరదర్శన్ చూపించుకోవచ్చని సుప్రీంకోర్టు అంది. ఆ తక్రార్ నుంచే 2007లో కానూన్ వచ్చింది. దేశానికి ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్ని ప్రైవేటు చానెళ్ళు ప్రసార భారతికి ఇవ్వాలి, ప్రకటనల ఆమదనీ 75:25గా పంచుకోవాలి.

ఆ 2004 సిరీస్ మా ఇంట్లో అందరం కలిసి చూశాం. అబ్బా కూడా. ఇర్ఫాన్ పఠాన్ కొత్త కుర్రాడు, బడోదాలో మసీదు వాకిట్లో పెరిగినవాడు, లాహోర్లో బంతిని స్వింగ్ చేస్తుంటే అబ్బా చేతులు చరిచారు. జిందగీలో మొదటిసారి ఆయన ఒక ఇండియా పాకిస్తాన్ మ్యాచ్‌ని నిశ్చింతగా చూడటం నేను చూశాను. ఎవరి నజర్ లేదు. గట్టిగా అరిస్తే గవాహీ ఇచ్చినట్టు కాదు, నెమ్మదిగా ఉంటే జుర్మ్ కాదు. తన ఖుషీ తనది. నెలకి కేబుల్ వాడికి ఇచ్చే ఆ కాస్త డబ్బుతో అబ్బాకి దొరికింది మ్యాచ్ ఒక్కటే కాదు, ఆ సుకూన్ కూడా.

అమ్మీకి దొరికింది ఇంకా పెద్దది. యాభై ఏళ్ళు వచ్చేదాకా ఆమెకి క్రికెట్ అంటే మగవాళ్ళు భోజనానికి ఆలస్యంగా రావడానికి ఒక బహానా. ఇంట్లో టీవీ వచ్చాక ఎల్బీడబ్ల్యూ ఏమిటో నేర్చుకుంది. పక్కింటి చాచీ, ఎదురింటి బ్రాహ్మణుల సుబ్బలక్ష్మిగారి లాంటి పెద్దావిడలూ చాయ్ టైముకి వచ్చి కూర్చునేవారు. టీ కొట్టు మజ్లిస్‌లో చోటులేని ఆడవాళ్ళకి మా జనానా గదే స్టేడియం.

ఒక ముష్కిల్ మాత్రం ఉండేది. జుబాన్. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, మా కోనసీమ ఉర్దూ. లెక్క వేసేది, తిట్టేది, బేరమాడేది తెలుగులో. హిందీ వ్యాఖ్యానం మాకు తేలిక అని అందరూ అనుకుంటారు. టీవీ హిందీలోని ఆ సంస్కృతం మాటలు అమ్మీకి ఇంగ్లీషంత దూరం. "ఏం అంటున్నాడ్రా?" అని అడుగుతూనే ఉండేది. 2018 డిసెంబర్లో స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు వచ్చింది. వెంకటపతి రాజు, వేణుగోపాలరావు, మన మైదానాల్లో ఆడినవాళ్ళే మన మాటల్లో చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి అమ్మీ అడగడం మానేసింది. చెప్పడం మొదలుపెట్టింది. "ఆ ఫీల్డర్ని వెనక్కి పంపించాలి" అని.

కంపెనీ అమ్మీ కోసం చానెల్ పెట్టలేదు. 2018 నుంచి అయిదేళ్ళ ఐపీఎల్ హక్కులకి స్టార్ 16,347.5 కోట్లు పోసింది. ఆ డబ్బు తిరిగి రావాలంటే ఇంగ్లీషు, హిందీ రానివాళ్ళ ఇళ్ళల్లోకి కూడా పోవాలి. కొరియా చానెల్ మలేషియా పోయిందీ, స్టార్ తెలుగులోకి దిగిందీ ఒకే ఆకలితో. కానీ వ్యాపారి తన లాభానికి వేసిన బావిలో మనమూ నీళ్ళు తోడుకున్నాం. అది కాదనడం నాశుక్రీ అవుతుంది.

చూడలేని ఆట ఏమవుతుందో ఒక మిసాల్ చెప్తాను. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. ఇండియా 2, దక్షిణ కొరియా 1. ఆ జట్టుకి ఉస్తాద్ హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. ఒకప్పుడు బడిలో పంతులు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టుని నాలుగో స్థానానికి తీసుకుపోయిందీ ఆయనే. క్యాన్సర్‌తో బాధపడుతూ జకార్తాలో కూర్చుని బంగారం తెచ్చి, తర్వాతి ఏడాది జూన్‌లో ఇంతకాల్ అయ్యారు. మన తెలుగు ఇళ్ళల్లో ఆ మ్యాచ్ ఎవరు చూశారు? టీవీ ఎక్కడిది? చూడలేదు కాబట్టి మర్చిపోయాం. 2024లో మైదాన్ సినిమా వస్తే గానీ మన పిల్లలకి ఆయన పేరు తెలీదు. కొరియాని ఓడించిన ఉస్తాద్‌ని మనం మర్చిపోయాం. ఓడిన కొరియా ఆటని మర్చిపోలేదు. 2002లో సెమీస్ ఆడింది, ఇప్పుడు ఆటల్ని చూపించే వ్యాపారం పరాయి దేశాల్లో చేస్తోంది. మన కబడ్డీ మన దగ్గరే నేర్చుకుని, 2016 ప్రపంచకప్ మొదటి మ్యాచ్‌లో అహ్మదాబాద్‌లో మననే 34-32తో ఓడించింది కూడా.

చూసిన ఆట ఏమవుతుందో సిరాజ్ దగ్గర తెలిసింది. 2020 నవంబర్లో జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా హైదరాబాద్‌లో ఆటో నడిపిన వాళ్ళ అబ్బా పోయారు. కుర్రాడు జనాజాకి రాలేదు, అక్కడే ఉండి ఆడాడు. జనవరిలో సిడ్నీలో జనగణమన వస్తుంటే కళ్ళ నుంచి ఆంసూ జారాయి. అది చూపించింది సోనీ టెన్. బుఖాతిర్ పెట్టిన ఆ దుబాయ్ టెన్ చేతులు మారి సోనీది అయ్యింది. మా అమ్మీ దుపట్టా కొంగుతో కళ్ళు తుడుచుకుని "తల్లి దువా ఉంది వాడికి" అంది. తర్వాత బ్రిస్బేన్‌లో 5 వికెట్లు. 2023 సెప్టెంబర్ 17న ఆసియా కప్ ఫైనల్లో ఒకే ఓవర్లో 4 వికెట్లు, మొత్తం 21 పరుగులకి 6. లంక 50కే ఖతం. వచ్చిన ఇనాం డబ్బు కొలంబో మైదానం పనివాళ్ళకి ఇచ్చేశాడు. మా వీధిలో ఆ సాయంత్రం ఏ ఇంట్లోంచి ఏ అరుపు వచ్చిందో ఎవరికీ తేడా తెలియలేదు. టీ కొట్లో మా మొహాలు చూసిన ఆ ఇద్దరి ఇళ్ళల్లో కూడా ఆ రోజు సిరాజ్ పేరే.

ఇక ధర. 2019 ఫిబ్రవరి నుంచి కొత్త పద్ధతి. అప్పట్లో వంద చానెళ్ళకి 130 రూపాయలు, పైన పన్ను. డబ్బు చానెళ్ళు విడివిడిగా. గుత్తిలో కలిపే చానెల్ ధర 19 దాటకూడదు అన్నారు. మన కోనసీమలోనే సఖినేటిపల్లి మండలం మోరిలో 2016 డిసెంబర్లో ఫైబర్ నెట్ మొదలుపెట్టినప్పుడు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ కలిపి 149 అన్నారు. ఇవాళ ఆ లెక్కలు తలుచుకుంటే నవ్వొస్తుంది. ముఫ్త్‌గా చూడాలంటే దూరదర్శన్ ఉంది కదా అంటారు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఆ పంచుకున్న సిగ్నల్ దూరదర్శన్ సొంత ప్రసారానికి, దాని ఫ్రీ డిష్‌కే గానీ ప్రైవేటు కేబుల్‌కి కాదు అంది. కేబుల్ తీగ ఉన్న ఇల్లు ఆ దారిన ముఫ్త్‌గా చూడలేదు.

ఇప్పుడు మొదట గుర్తుపెట్టుకోమన్న ముక్క. 2023 నుంచి అయిదేళ్ళ ఐపీఎల్ 48,390 కోట్లకి పోయింది. టీవీ ఒకరికి, ఫోన్ ఒకరికి. 2024 నవంబర్లో ఆ ఇద్దరూ ఒక్కటయ్యారు. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ వచ్చింది. కొరియాలో జరిగిందే ఇక్కడా. ఆట టీవీ నుంచి జేబులోకి దిగుతోంది.

మా ఇంట్లో గొడవ ఇక్కడే. కువైట్లో ఉన్న మా తమ్ముడు "భాయీజాన్, కేబుల్ ఫుజూల్ ఖర్చు. తీసేయండి. ఫోన్లో చూసుకోవచ్చు" అంటున్నాడు. లెక్క ప్రకారం వాడిదే రైట్. పర్దేశ్‌లో చెమటోడ్చి పంపించే పైసా, బర్కత్ ఉండాలి.

కానీ ఎవరు చూసుకోవచ్చు? ఫోన్ నాది. పొద్దున్న నాతో బయటికి పోతుంది, ఇషా తర్వాత నాతో తిరిగొస్తుంది. నా కొడుకు ఫోన్ వాడితో పోతుంది. అమ్మీ దగ్గరున్నది బటన్ల ఫోను. తొమ్మిదో తరగతి చదివే నా కూతురు బడిలో కబడ్డీ ఆడుతుంది. దానికి ఫోన్ ఇవ్వొద్దని చెప్పేదీ మేమే. టీవీ తీసేస్తే మ్యాచ్ పోయేది నాకు కాదు, తమ్ముడికి కాదు, ఆ ఇద్దరికి. పాత టీ కొట్టే మళ్ళీ, కాకపోతే ఈసారి అది మగవాడి జేబులో ఉంది.

నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్లో ప్రపంచ చాంపియన్ అయ్యింది. 2023లో ఢిల్లీలో మళ్ళీ. మన పిల్లే, మన ఇళ్ళల్లాంటి ఇల్లే. బాక్సింగ్ ఆడపిల్లలకి ఎందుకన్న లోకానికి గ్లవ్స్‌తో జవాబిచ్చింది. ఆ గెలుపు మన ఆడపిల్లలు పెద్ద తెర మీద, నానీమా పక్కన కూర్చుని చూడాలా, లేక ఎవరో అన్న ఫోన్లో అర నిమిషం క్లిప్ పంపిస్తే చూడాలా? నాకు ఇది చానెల్ ప్రశ్న కాదు, హక్ ప్రశ్న.

తమ్ముడికి ఇదే చెప్పాను. గుత్తి తీసేశాను. ఎవరూ చూడని చానెళ్ళు ఎన్నో పోయాయి. తెలుగు ఆటల చానెల్ ఒక్కటి ఉంచాను. దాని డబ్బు నేను బయట తాగే చాయ్‌లో తగ్గించుకుంటాను. రిమోట్ అమ్మీ దిండు పక్కన ఉంటుంది.

మీ ఇళ్ళల్లో కూడా రీచార్జి తారీఖు వస్తుంది. తీసేసే ముందు ఒక్కమాట అడగండి, మీ మగపిల్లల్ని కాదు, మీ అమ్మీని, మీ బేటీని. వాళ్ళు వద్దంటే తీసేయండి. వాళ్ళు చూస్తామంటే, ఆ కుర్చీ వాళ్ళదే.

ఖుదా హాఫిజ్.